38 మైళ్ల పొడవున ఒకే వన్నె

నూలుకు రంగు పట్టించుట కష్టము కాదు. అంతటను ఒక్కతీరుగ పట్టించుటయే విద్య. ఆ విద్యకు ముడిసరుకు రంగు కన్న కాలమే యెక్కువ.

నూలు నంబరనగా ఒక పౌను తూకమునకు ఎన్ని చిలపలు తూగునో ఆ సంఖ్య. చిలప యొక్కంటికి 840 గజముల దారము. ఈ లెక్కను బట్టి 80వ నంబరు నూలు ఒక్క పౌనులో 67,200 గజముల దారమున్నది. అనగా 38 మైళ్లకు పైమాట. ఇంత దారమును తొట్టిలో ముంచి, మొదటి గజము మొదలు తుది గజము వరకు ఒకే వన్నె తేల్చి, మగ్గము మీద పడుగుగను పేకగను సాగినప్పుడు ఎచ్చటను చార గాని, మచ్చ గాని, వెలిసిన జాడ గాని లేకుండ నేతగానికి అప్పగింపవలసినవాడు అద్దకపువాడు. చీర కొన్నవారు నేతను మెచ్చుకొందురు, అంచును మెచ్చుకొందురు, జరీని మెచ్చుకొందురు; ఒడలంతయు ఒకే రంగున నుండుటను మాత్రము ఎవరును ప్రత్యేకించి మెచ్చుకొనరు. అట్లుండక తప్పినపుడే అద్దకపువాని పేరు తలపునకు వచ్చును.

ఒడలిపై సాదా నేతకును, అంచున జరీకిని పేరుపొందిన మంగళగిరి చీరలో ఈ విద్యకు పరీక్ష మిక్కిలి కఠినము. పువ్వులును లతలును గల వస్త్రమున వన్నెలోని దోషము వాని చాటున దాగగలదు గాని, సాదా నేతలో దాగుటకు చోటు లేదు. పేకలో ఒక చిలప ముగిసి మరియొక చిలప మొదలగుచోట వన్నెయందు రవంత భేదమున్నను వస్త్రము మీద అడ్డముగా పట్టీ తేలును. పడుగులో నైనచో నిలువునా చార సాగును. మగ్గపు గుంటలో కూర్చుండి నేయువాని కంటికి అతిసామీప్యము వలన కానరాని ఆ భేదము, చీర మడత విప్పి పగటి వెలుతురున పరచిన నాడు వీథి అరుగు మీది నుండి చూచువానికిని కనబడును.

తొందరపడునది రంగే

నూలునకు రంగు హెచ్చుతగ్గులుగా పట్టినప్పుడు, రంగు చాలలేదనియో, నీటిలో సరిగా కలియలేదనియో సామాన్యముగా భావింతురు. కొన్నియెడల అదియును నిజమే గాని మూలకారణము వేరు. ప్రత్తినారకును రంగునకును గల పరస్పరాకర్షణ యెంత బలవత్తరమో, తొలి నిమిషములయందు వన్నె చెడు అపాయము అంత అధికము. వేడి తొట్టిలో చిలపలు దిగినంతనే నీటికి ముందుగా తగిలిన పైపోగులు తమకు అందినంత రంగును పీల్చుకొనును. వానిని దాటి లోపలికి చేరు నీరు అప్పటికే రంగు కోల్పోయి పలుచబడి యుండును. కట్టు క్రిందను, కర్రను ఆనుకొన్నచోటను, చిలప నడిమిభాగమునను ఉన్న దారమునకు ఆ పలుచని నీరే ప్రాప్తించును. తొట్టిలో వేసిన రంగు లెక్కకు సరిపోయినను పంపకము చెడినది.

దీనికి ఉపాయములు రెండే కలవు. రంగు పట్టు వేగమును తగ్గించి, నూలంతటికిని దాని భాగము అందువరకు ఆగునట్లు చేయుట మొదటిది. ఒకసారి పట్టిన రంగు మరల నారను విడిచి నీటిలోనికి వచ్చి, తక్కువ పట్టిన చోటును వెదకికొనిపోవుటకు అవకాశమిచ్చుట రెండవది. రెండవ యుపాయము వినుటకు ఇంపుగానున్నను దానికి చెల్లింపవలసిన మూల్యమొకటి గలదు: తొట్టిలో నారను సులభముగా విడుచు రంగు చాకిరేవులోను సులభముగానే విడుచును. ఉతికినను పోని రంగు కావలెనన్న, పట్టిన పిమ్మట కదలని రంగు కావలెను. కదలని రంగు వంకరగా పట్టినచో ఆ వంకరయు కదలదు. రంగు నిలుకడయు రంగు సమతయు ఈ విధముగా ఒకదానికొకటి ఎదురు నిలుచుటయే అద్దకములోని ప్రధాన సంకటము. తొట్టి కడ పాటింపబడు నియమములలో పెక్కింటికి, చెప్పువారికి తెలిసినను తెలియకున్నను, ఈ సంకటమే జన్మస్థానము.

1884లో జర్మనీ దేశపు రసాయనజ్ఞుడు బోట్టిగరు కనుగొన్న కాంగో రెడ్డుతో, పటిక వంటి బంధకములతో పనిలేక ప్రత్తికి నేరుగా పట్టు రంగుల శకము ప్రారంభమైనది. అట్టి రంగులను తరువాతి శాస్త్రజ్ఞులు వాని కాంతిని బట్టి గాక, వానిని అదుపు చేయు విధమును బట్టి మూడు తరగతులుగా విభజించిరి. తొట్టిలో కొంతసేపు కాగినచో తమంతట తామే సర్దుకొనునవి మొదటి తరగతి. ఉప్పును కొద్దికొద్దిగా వేయుచు అదుపు చేయవలసినవి రెండవది. ఉప్పుతో పాటు వేడిమిని గూడ అంచెలంచెలుగా పెంచినగాని లొంగనివి మూడవది. ఉప్పు రంగును నారవైపు నెట్టును. వేడిమి రంగు కదలికను పెంచును. ఈ రెండు కళ్లెములు చేతనున్నవాడు ఎంత నిదానముగా వానిని వదలునో వన్నె అంత సమముగా వచ్చును.

పెర్కిను తొట్టిలో సబ్బునీరు

కృత్రిమ వర్ణముల చరిత్ర ఈ చిక్కుతోనే మొదలైనదని పలువురెరుగరు. 1856లో లండనునందు పదునెనిమిదేండ్ల విలియం పెర్కిను క్వినైనును కృత్రిమముగ తయారు చేయబోయి, తారునుండి లభించు పదార్థమున ఊదావన్నెను కనుగొనెను. గాజుపాత్రలో చిన్న పట్టు తునుకను ముంచినంతసేపు అది అద్భుతముగ నుండెను గాని, అద్దకశాలలో పెద్ద మొత్తమున పట్టును ముంచవలసి వచ్చినపుడు, ఆ రంగు పట్టును మిక్కిలి ఆత్రముగ అంటుకొనుటచే వన్నె ఎగుడుదిగుడుగా తేలెను. తుదకు సబ్బు కలిపిన తొట్టిలో అద్దినప్పుడు రంగు వేగము తగ్గి, పట్టునందంతటను సమముగా పరచుకొనెను. రంగును బలపరచుట వలన గాక, దానిని వెనుకకు పట్టి నిలుపుట వలన ఆ పరిశ్రమ నిలిచినది. నేటి అద్దకములో సమత కొరకు కలుపు ద్రవ్యములలో పెక్కింటి పనియు అదియే. అవి రంగుతోనో నారతోనో తాత్కాలికముగ జతగూడి, కొంతసేపు అడ్డుపడి, పిదప మెల్లగా తప్పుకొనును. ఆముదమును గంధకికామ్లముతో సంస్కరించి చేయు టర్కీ రెడ్ ఆయిలు మన చేనేత గ్రామములలో సుపరిచితము. అది రంగు పొడిని నీటిలో చక్కగ కలుపును, నూలును త్వరగా తడుపును.

తొట్టికి ముందరి పని

తొట్టి సంగతి ఎంత చెప్పినను, సగము జయాపజయములు తొట్టికి ముందే తీర్మానమై యుండును. ప్రత్తినార మీద పుట్టుకతో వచ్చిన మైనము వంటి పూత యొకటి గలదు. తూకమున అది నూటికి ఒక పాలునకు అటునిటు మాత్రమే యైనను, ఉడకబెట్టని నూలును నీటిలో వేసినచో చాలసేపు మునుగక తేలుచుండుటకు అదియే కారణము. మైనము వదలినచోట రంగు దిగును, వదలనిచోట తిరుగును. కనుక సోడాయును సబ్బును వేసి నూలును కొన్ని గంటల సేపు ఉడకబెట్టి, చక్కగ జాడించి, లేతవన్నెలకైనచో తెల్లబరచి, తడి ఆరకుండగనే పిండి తొట్టిలో దింపవలెను. పొడినూలును దింపినచో పోగుల నడుమ చిక్కుకొన్న గాలి బుడగలే మచ్చలై తేలును.

చీరాల ప్రాంతమునను, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలోను పేరుగాంచిన తేలియా రుమాళ్ల పద్ధతి ఈ సంస్కారమునకు ఉత్తమ నిదర్శనము. ఆముదపు కాయల బూడిదనుండి తీసిన క్షారజలమును నూనెతో కలిపి, ఆ మిశ్రమమున నూలును ముంచుట, పిసుకుట, ఎండబెట్టుట, మరల ముంచుట అను క్రమము దినముల తరబడి సాగిన పిమ్మటగాని ఆ నూలు ఎఱ్ఱని తొట్టిని చూడదు. క్షారమును నూనెయు కలిసినచోట సబ్బువంటి గుణము పుట్టి పోగు లోపలి దాక చేరును. అందువలన ఎఱుపు పైపైన గాక లోతుగ నిలుచును. నూనె మిగిల్చిన మార్దవమును వాసనయు ఆ రుమాలునకు పేరును సంపాదించి పెట్టినవి.

అద్దకపువాని చేతిలో లేని దోషములును కొన్ని కలవు. పక్వము కాకుండగనే కోసిన ప్రత్తి పోగులకు గోడ పలుచన; అవి ముడుచుకొని ఉండలై, ఎంత అద్దినను వెలవెలబోవుచు చుక్కలుగా కనబడును. వేర్వేరు మిల్లుల నూలును, ఒకే మిల్లులోని వేర్వేరు లాటుల నూలును ఒకే తొట్టిలో కలిపినచో, పురిలోని భేదమే వన్నెలో భేదమై తేలును. గట్టి పురిగల పోగు రంగును లోనికి రానిచ్చుట ఆలస్యము. అందుచేత అనుభవజ్ఞుడు చీరకు వలసిన నూలునంతయు ఒకే లాటునుండి తీసి, ఒకే తొట్టిలో అద్దును. చాలక మరల అద్దవలసి వచ్చినచో, రెండవ తొట్టి నూలును మొదటిదాని పక్కన మగ్గమెక్కనీయడు.

తొట్టి కడ

ఇప్పుడు చిలప నూలు అద్దకములో విరివిగా వాడబడు రంగులలో, నారతో రసాయనికముగా ముడిపడు రియాక్టివ్ రంగులు ముఖ్యమైనవి. ఐ.సి.ఐ. సంస్థలో రాటీ, స్టీఫెన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1954లో కనుగొన్న ఈ విధానము, పెర్కిను ఊదావన్నెకు నూరేండ్లు నిండిన 1956లోనే ప్రోసియాన్ అను పేర విపణికి వచ్చినది. వీనియందు సమతకు వలసిన సమస్త శ్రద్ధయు సోడా వేయుటకు పూర్వమే వెచ్చింపవలెను. ఉప్పు మాత్రమే ఉన్నంతవరకు రంగు నారను ఆశ్రయించి యుండును గాని ముడిపడదు. ఒకచోటు విడిచి మరియొక చోటికి పోగల స్వేచ్ఛ దానికింకను గలదు. సోడా పడి నీరు క్షారగుణము నొందిన మరుక్షణము నుండి ముడి బిగియనారంభించును. బిగిసిన ముడి సామాన్యమైన ఉతుకునకు వీడదు. కనుక సోడాకు ముందరి ఆ అరగంట, రంగు తన తప్పును తానే దిద్దుకొనగల కడపటి గడువు.

పనివాడు చేయు క్రమము ఈ గడువును పొడిగించుటకే ఏర్పడినది. కిలో నూలునకు ఇరువది లీటర్ల నీరు చొప్పున తొట్టి నింపును. నీరు తక్కువైనచో చిలపలు ఒత్తుకొని లోపలికి రంగు పారదు. పొడిని మొదట చల్లని నీటితో పేస్టుగ నూరి, వేడినీరు పోసి కరిగించి, గుడ్డలో వడగట్టి గాని తొట్టిలో పోయడు. కరగని రేణువొకటి పోగు మీద వాలినచో అచ్చట కాటుకచుక్కవలె మచ్చ మిగులును. చిలపలను కర్రలకు వదులుగా వ్రేలాడదీసి, క్రింది భాగము పైకిని పై భాగము క్రిందికిని వచ్చునట్లు విడువక త్రిప్పుచుండును. ఉప్పును రెండు మూడు భాగములుగ చేసి, ప్రతి భాగమును వేయునపుడు నూలునంతయు కర్రలతో సహా పైకెత్తి, నీటిని కలియబెట్టి, మరల దింపును. నూలు మీదనే ఉప్పు చల్లువాడు ఆ చోట రంగును తన చేతులతో ముద్దగట్టించినవాడగును. సోడాను గూడ వేరుగా కరిగించి ఇట్లే పోయును. పిమ్మట ముడిపడక మిగిలిన రంగు పోవువరకు మరుగు సబ్బునీటిలో జాడించి, పిండి, విదిలించి నీడన ఆరవేయును. ఎండలో ఆరవేసినచో ఒకవైపు ముందుగా ఆరి, తడి అటు సాగుచు, వదలక మిగిలిన రంగును తనతో మోసికొనిపోవును. తొట్టిలో సాధించిన సమత దండెము మీద చెడును.

ముదురువన్నెల కన్న లేతవన్నెలు కష్టమనుట కొత్తవారికి వింతగా తోచును. ముదురువన్నెకు తొట్టిలో రంగు సమృద్ధి. తొలుత వెనుకబడిన పోగునకును తుదకు తన పాలు దక్కును. లేత గులాబికిని, బూడిదవన్నెకును వేయు రంగు నూలు తూకములో నూటికి అరపాలు గూడ నుండదు. ముందు తగిలిన పోగులు దానిని కాజేసినచో వెనుకనున్నవానికి మిగులునది శూన్యము. పసుపును నీలమును కలిపి ఆకుపచ్చ తీయుట ఇంకను సూక్ష్మము. రెండింటి వేగములు వేరైనచో చిలప ఒకచోట పసరు, మరియొకచోట నీలి చాయ కొట్టును. అందుచేతనే కలిపి వాడు రంగులను వేగములో సరిజోడులుగా ఏరుకొందురు.

నీలి తొట్టిలో కనబడని వన్నె

వ్యాట్ రంగుల సంగతి వేరు. అవి నీటిలో కరుగవు. కాస్టిక్ సోడాయును హైడ్రోసును వేసి ప్రాణవాయువును హరించినపుడు మాత్రమే కరిగి నారలోనికి దిగును. గాలి తగిలినంతనే మరల కరగని స్వరూపమునొంది అచ్చట బందీ యగును. తొట్టిలో నున్నప్పటి వన్నెకును తుది వన్నెకును పొంతన యుండదు: 1901లో రెనే బోన్ ఆరంభించిన ఇండాంత్రీన్ రంగులలో ఒక పసుపు, తొట్టిలో నీలముగ నుండి గాలిలో పసుపగును. కనుక పనివాడు కన్నును గాక క్రమమును నమ్ముకొనవలెను. నూలులో ఏ భాగమైనను నీటిపైకి తేలినచో ఆ భాగము ముందే గాలి సోకి గట్టిపడును. అందుకే ఈ తొట్టిలో తిన్నని కర్రలకు మారుగా, నూలును నీటి అడుగుననే నిలుపు వంపు కడ్డీలను వాడుదురు.

వీనికన్న ప్రాచీనమైన నీలిమందు ఈ కుటుంబమునకు చెందినదే గాని, ప్రత్తియందు దానికి మక్కువ స్వల్పము. అది ఒక్క ముంపుతో గాఢనీలము నీయదు. ముంచి, పైకెత్తి, పచ్చనిది నీలమగువరకు గాలికి పట్టి, మరల ముంచవలెను. ఈ కొరతయే దానియందు గుణమైనది. ఒక్క గాఢమైన ముంపులో జరిగిన పొరపాటు అట్లే నిలిచిపోవును. పలుమార్లు వేసిన పలుచని పూతలలో ఒకసారి తక్కువ పట్టిన చోట మరియొకసారి ఎక్కువ పట్టి, హెచ్చుతగ్గులు ఒకదాని నొకటి కప్పుకొనును.

చిరివేరు, పటిక, పారు నీరు

ఆంధ్రతీరపు ఎఱుపునకు ఒకప్పుడు ఆధారము చిరివేరు. మచిలీపట్టణమున ఇంగ్లీషు వర్తక కంపెనీ ఉద్యోగిగా నుండిన విలియం మెథ్వల్డు, 1626లో అచ్చయిన గోలకొండ రాజ్య వృత్తాంతములో ఈ వేరునుండి వచ్చు ఎఱుపును ప్రశంసించెను. నేడు నిజాంపట్టణమని పిలువబడు పేటపోలి ప్రాంతపు వేరు శ్రేష్ఠమని అప్పటి ప్రతీతి. ఈ పద్ధతిలో సమత రంగు చేతిలో గాక పటిక చేతిలో నుండును. పటిక ఎచ్చట ఎంత పట్టినదో అచ్చట అంతయే ఎఱుపు తేలును. పటిక లేనిచోట రంగు నిలువదు. అందువలననే కలంకారీ పనివారు వస్త్రమును ముందుగా కరక్కాయ రసమునను గేదెపాలలోను ముంచుదురు: కరక్కాయలోని వగరు లోహలవణమును పట్టి యుంచును, పాలలోని వెన్న కలపు గీత ప్రక్కకు ప్రాకకుండ అడ్డుకొనును. పటికతో గీసిన పిమ్మట పారు నీటిలో జాడింపవలెను; నిలువ నీటిలో జాడించినచో వదలిన పటిక వేరొకచోట అంటి, అక్కరలేని చోట ఎఱ్ఱని మరక లేపును. పెడన చుట్టుపట్ల కాలువలును, శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఇసుకతిన్నెలును ఈ కళకు తావైనది అందమునకు గాదు, అవసరమునకు.

వేరులోని ఎఱుపునకు మూలమైన అలిజరిన్‌ను 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనజ్ఞులు కృత్రిమముగ నిర్మించిన పిమ్మట చిరివేరు సాగు క్షీణించినది గాని, కొప్పెర కడ పాటింపవలసిన నిదానము క్షీణింపలేదు. అలిజరిన్ తొట్టిలో వస్త్రమును చల్లని నీటనే దింపి, కర్రలతో త్రిప్పుచు, మరుగువరకు మెల్లమెల్లగ మంట పెంచవలెను. ఇచ్చట నీటి విషయమున ఒక విచిత్రము గలదు. సున్నపు పాలు గల బోరునీరు సబ్బుతో కలిసి తెట్టెగట్టి, ఇతర రంగుల తొట్టిలో మరకలను పుట్టించును. దానిని విరిచివేయుటకు ప్రత్యేక లవణములు కలుపుదురు. కాని ఆ సున్నపు అంశమే లేకున్న పటిక మీద అలిజరిన్ ఎఱుపు నిండుగ విరియదు. ఒక తొట్టికి దోషమైనది మరియొక తొట్టికి ప్రాణము. నీటిని మంచిదనియు చెడ్డదనియు అనుటకు ముందు దానిలో ఏ రంగు దిగనున్నదో అడుగవలెను.

దిద్దుబాటునకు గల హద్దు

తప్పిన వన్నెను దిద్దవచ్చునా? నేరుగా పట్టు రంగైనచో ఉప్పులేని నీటిలో చాలసేపు మరిగించి కొంత సర్దవచ్చును. వ్యాట్ రంగైనచో, రంగు వేయక కాస్టిక్కును హైడ్రోసును మాత్రమే వేసిన తొట్టిలో మరల కరిగించి పంచవచ్చును. రియాక్టివ్ రంగైనచో సర్దుటకు వీలులేదు. రంగును విరిచివేసి మొదటినుండి అద్దవలెను, లేదా దానిమీద నలుపో ముదురునీలమో వేసి మరుగుపరుపవలెను. నిలుకడ యెంత హెచ్చైన దిద్దుబాటు అంత దుర్లభమని మొదట చెప్పిన సంగతి ఇచ్చట రూకల రూపమున ప్రత్యక్షమగును.

చేతిపని గనుక తేడాలుండక తప్పవను మాట అంగళ్లలో తరచు వినబడును. అందు న్యాయమున్న చోటును, లేని చోటును వేరుచేయవలెను. పోచంపల్లి చీరలో కట్టు విప్పిన పిమ్మట ఆకృతుల అంచులు ఈకవలె కొంచెము చెదరియుండుట ఆ కట్టు అద్దకమునకు స్వభావము. దానిని దోషమనువాడు ఆ కళ నెరుగడు. సాదా చీర నడుమ అడ్డపట్టీ తేలుట మాత్రము చేతిపని లక్షణము కాదు. ఎచ్చటనో ఉడకబెట్టుటలోనో, ఉప్పు వేయుటలోనో, ఆరవేయుటలోనో కొంత కాలము దొంగిలింపబడినదని దాని యర్థము.

ఆ దొంగతనమునకు అద్దకపువానినే నిందించుట తగదు. కూలి నూలు తూకమును బట్టి కట్టబడుచోట, మంటను మెల్లగ పెంచి, ఉప్పును మూడు విడతలుగ వేసి, అరగంట సేపు చిలపలు త్రిప్పినవానికిని, అన్నింటిని ఒక్కమారుగ గుమ్మరించి చేతులు దులుపుకొన్నవానికిని కిలోకు దక్కునది ఒక్కటే. పైగా రెండవవాడు పొద్దు గ్రుంకులోపల మరియొక తొట్టి దింపగలడు. నిదానమునకు వెల కట్టని లెక్క నిదానమును ఎంతకాలము నిలుపగలదు? చీరలు నేయించు యజమాని రంగు పొడి ఖరీదును, నూలు ఖరీదును చిట్టాలో వ్రాసినట్లే, తొట్టి కడ గడచు గంటలకును ఒక పద్దు వ్రాయవలెను. కొనువారును ఏ రంగు వాడితిరని అడుగుటతో తృప్తి పడక, తొట్టిలో ఎంతసేపు ఉంచితిరని గూడ అడుగవలెను. ఆ ప్రశ్న పదుగురు అడిగిన నాడు ఆ పద్దు చిట్టాకెక్కక తప్పదు.